కాపలా కాసినవాళ్ళని లేపకూడదు

పొద్దున్నే లేచేవాళ్ళంటే నాకు మొదటినుంచీ కాస్త మంట. వాళ్ళు లేచినందుకు కాదు, లేచి ఊరుకోనందుకు. బకెట్ చప్పుడు, తలుపు చప్పుడు, గొంతు సవరించుకోవడం, ఆపైన ఇంకా పడుకున్నవాళ్ళ మీద ఒక జాలి చూపు. ఆ జాలి చూపు కిందే నేను మూడేళ్ళు డిగ్రీ చదివాను. తొంభైల చివర్లో, అరకులో, కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో.

అంతకు ముందు నా నిద్రలో ఏదో తేడా ఉందని నాకు తెలియదు. మా ఊళ్ళో అలా ఎవరూ అనుకోలేదు.

మా ఊరు ముంచింగిపుట్టు వైపు కొండల్లో ఉంది. జీపు దిగి గంటన్నర నడవాలి. ముప్పై గడపలు ఉంటాయేమో. కొండవాలు మీద చోళ్ళు, సామలు, కందులు వేసేవాళ్ళం. కంకి పాలు పోసుకుందంటే చాలు, అడవిపందులు దిగుతాయి. ఒక్క రాత్రి ఏమరితే ఏడాది తిండి మట్టిలో కలిసిపోతుంది. అందుకని చేను మధ్య మంచె కట్టుకుని రాత్రంతా కాపలా కాయాలి. పక్క ఊళ్ళలో ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకుని, నిద్ర ఆపుకోలేక, ఒకరినొకరు తిట్టుకుంటూ కాసేవారు. మాకు ఆ గొడవ లేదు. మాకు మా తాత ఉన్నాడు.

తాతకి రాత్రి నిద్ర పట్టదు. చిన్నతనం నుంచీ అంతేనట. పొద్దున్న పలకరిస్తే ఊఁ అనడమే కష్టంగా ఉండే మనిషి, దీపాలు పెట్టే వేళకి హుషారుగా కబుర్లలో పడేవాడు. అందుకని ఊరంతా కలిసి వాలు మొత్తానికీ ఆయన్నే కాపలా పెట్టుకున్నారు. ఒక పాత రేకు డబ్బా, కర్ర, కంబళి, నాలుగు చుట్టలు. తెల్లారాక ఇంటికొచ్చి ఇంత అంబలి తాగి పడుకుంటే పొద్దు వాలాకే లేచేవాడు. ఆయన పడుకున్నంతసేపూ మా వరసలో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పిల్లలం కేకలేస్తే, ఎవరి అమ్మ దగ్గర్లో ఉంటే ఆవిడ వచ్చి వీపు మీద ఒకటి వేసేది. కాపలా కాసినవాళ్ళని లేపకూడదు. అది మా ఊరి కట్టు. ఇల్లంటుకున్నా ముందు మంట ఆర్పడానికే చూడాలి గానీ ఆయన్ని లేపకూడదని మా మామ్మ చెప్పేది. ఆవిడ హాస్యానికి అంటోందో, నిజంగానే అంటోందో నాకు అర్థమయ్యేది కాదు.

పంట ఇంటికి చేరాక, చలికాలంలో మాత్రం తాత పొద్దున్నే లేచేవాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, ఊరి మొదట్లో ఉన్న పెద్ద రాయి మీద కూర్చునేవాడు. ఎండ కాచుకుంటున్నాడు కాబోలు అనుకునేదాన్ని.

నాది అచ్చంగా తాత పోలిక. తోటి పిల్లలు చీకటి పడగానే ఎక్కడివాళ్ళక్కడ ఒరిగిపోతే, నేను తాత వెనకాలే మంచె ఎక్కేదాన్ని. అమ్మా నాన్నా కాఫీ తోటల్లో పనిచేసి అలిసిపోయి వచ్చేవాళ్ళు, నన్ను ఆయన పట్టుకెళ్తే వాళ్ళకీ సుఖంగానే ఉండేది. బడిలో చేరాక లాంతరు, పుస్తకం కూడా మంచె ఎక్కాయి. తాతకి చదువు రాదు. తెలుగు సంతల్లో నేర్చుకున్నాడు. ఇంట్లో మేం మా భాషే మాట్లాడుకునేవాళ్ళం గానీ, పుస్తకం నా చేతిలో ఉంటే మాత్రం ఆయన తెలుగులోకి మారిపోయేవాడు. చదువంటే అంత మర్యాద. నేను పైకి చదువుతుంటే మధ్యలో దిగి, డబ్బా కొట్టి పందుల్ని తోలి, మళ్ళీ ఎక్కి, "ఊఁ, ఆ రాజు సచ్చిపోనాడా, బతికున్నాడా?" అని అడిగేవాడు.

పై చదువుకి ఆశ్రమ పాఠశాలకి వెళ్ళాను. అక్కడా పొద్దున్నే గంట ఉండేది గానీ, కొట్టాల్సిన మాస్టారు మాకంటే ఆలస్యంగా లేచేవారు. ఆయన చల్లగా ఉండాలి. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రెండూ పొద్దున్న పూటే జరిగాయి, రెండిట్లోనూ అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. నాది మట్టిబుర్ర అని నాకు నేనే తీర్మానించుకున్నాను. అయినా మా ఊరి ఆడపిల్లల్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఎలాగో ఇంకో మూడేళ్ళు నెట్టుకొస్తే టీచర్ని కావచ్చని ఆశ.

హాస్టల్లో రైలు పట్టా ముక్క ఒకటి మామిడికొమ్మకి వేలాడదీసి ఉండేది. నాలుగున్నరకి వాచ్‌మన్ దాన్ని ఇనప కడ్డీతో కొట్టేవాడు. అయిదు నుంచి ఏడు వరకు స్టడీ అవర్. అరకు చలిలో, పొగమంచులో, దుప్పట్లు కప్పుకుని వరండాలో వరసగా కూర్చుని చదవాలి. రాత్రి పదికి లైట్లు ఆర్పేసేవారు. సరిగ్గా నా బుర్ర అప్పుడే మొదలయ్యేది. మా వార్డెన్ మేడం పార్వతీపురం వైపు మనిషి. ఎంత మంచావిడో అంత మొండిది. తెల్లవారుజామున చదివిందే మెదడుకి అంటుకుంటుందని ఆవిడ గట్టి నమ్మకం. పాపం, నన్ను చూసి కూడా ఆ నమ్మకం సడలలేదు.

నా రూమ్మేట్ బొర్రా దగ్గర, రైలు కట్ట పక్కన ఊరి పిల్ల. గంట కొట్టకముందే లేచి, నీళ్ళు పోసుకుని, జడ వేసుకుని, నా కాలి బొటనవేలు పట్టుకుని లాగేది.

"ఒలే, లెగే. బేగి లెగు. మేడం వచ్చేస్తన్నాది."

"వస్తే రానీ."

"నిన్ను ఏ దెయ్యం పట్టుకున్నాదే?"

ఈ తెల్లవారుజాము మహారాణి రాత్రి ఎనిమిదయ్యేసరికి అన్నం పళ్ళెం ముందే జోగేది. దాని చేతిలోని ముద్ద నోటిదాకా వెళ్ళకుండా ఆగిపోతే, మోచేయి కింద చెయ్యి వేసి నేనే లేపేదాన్ని. నా కాలి దగ్గర అది, దాని మోచేతి దగ్గర నేను. అలా ఒకరినొకరం పోషించుకున్నాం.

స్టడీ అవర్‌లో నేను గోడకి ఆనుకుని నిద్రపోవడం వార్డెన్ మేడం చూసింది. మైదానంలో అయితే అలాంటి పిల్లని బద్ధకస్తురాలు అంటారు. ఏజెన్సీలో ఆ మాట ఎవరికీ తట్టదు. పొద్దున్నపూట పిల్ల మందంగా ఉంటే మలేరియా. ఇంకో ఆలోచనే లేదు. మేడం నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "లోపలి జ్వరం ఉన్నట్టుందమ్మా" అంది. మలేరియా వర్కర్ వచ్చి వేలికి సూది పొడిచి, గాజు పలక మీద రక్తం పూత తీసుకుని, చేదు మాత్రలు మింగించి వెళ్ళాడు. రిపోర్టులో ఏమీ లేదు. వారం తిరిగేసరికి నేను మళ్ళీ గోడకి ఆనుకునే ఉన్నాను. మళ్ళీ సూది. ఆ ఏడాదిలో నా చేతికి పొడవని వేలు లేదు. మలేరియా ఆయన నన్ను దూరం నుంచి చూసే సూది తీసేవాడు. నేనూ అడక్కముందే వేలు చాపేదాన్ని.

మొదటి సంవత్సరం పరీక్షలు మధ్యాహ్నం రెండింటికి పడ్డాయి. ఎందుకలా పడ్డాయో నాకు తెలియదు, యూనివర్సిటీ వాళ్ళ ఇష్టం. ప్రశ్నపత్రం తీసుకుని చదువుతుంటే చేతికి ముందే జవాబు తెలిసిపోతోంది. అదనపు కాగితాలు అడిగి మరీ రాశాను. ఫలితాలు వచ్చాక చూస్తే నాకు ఫస్ట్ క్లాసు, ఎకనామిక్స్‌లో కాలేజీకంతటికీ నాదే పెద్ద మార్కు. మా ఎకనామిక్స్ మాస్టారు క్లాసులో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. మట్టిబుర్ర కాదన్నమాట అని ఆ రోజంతా గాల్లో తేలాను.

రెండో ఏడు పరీక్షలు పొద్దున్న తొమ్మిదికి పడ్డాయి. అవే కాగితాలు, అదే పెన్ను, అదే నేను. ప్రశ్నలన్నీ తెలిసినవే. కానీ ఊరివాళ్ళు ఎదురుపడితే మొహం తెలిసి పేరు నోటికి రానట్టుంటుందే, అలా ఉంది. ఒక వాక్యం రాసి, దాన్నే మళ్ళీ రాసి, కొట్టేసి కూర్చున్నాను. పదకొండున్నరకి బుర్ర తెరుచుకుంది. పన్నెండుకి పేపరు లాక్కున్నారు. ఎకనామిక్స్, పాలిటిక్స్ రెండూ పోయాయి.

ఎకనామిక్స్ మాస్టారు నన్ను స్టాఫ్ రూంలోకి పిలిచారు. కోప్పడలేదు. నెమ్మదిగానే అడిగారు.

"నిజం చెప్పమ్మా. మొదటేడాది ఎవరిది చూసి రాశావు?"

చూసి రాయలేదు అన్నాను. ఆయన తల ఊపారు గానీ నమ్మలేదు. నిన్నటిదాకా చప్పట్లు కొట్టించిన మనిషి అలా తల ఊపడం ఇప్పటికీ మర్చిపోలేను. హాస్టల్ వెనక సిల్వర్ ఓక్ చెట్ల కింద కూర్చుని ఏడ్చాను. వెతుక్కుంటూ వచ్చిన వార్డెన్ మేడం పక్కనే కూలబడి, నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఏడుస్తూనే అసలు సంగతి చెప్పింది.

"దసరా అయ్యాక సప్లిమెంటరీ ఉందమ్మా. అందులో కూడా పోయిందంటే హాస్టల్ సీటు తీసేస్తారు. అది నా చేతిలో లేదు."

సీటు పోతే చదువు పోయినట్టే. మా ఊరి నుంచి రోజూ వచ్చి వెళ్ళడం అయ్యే పని కాదు. ఇంటికెళ్ళి అమ్మతో కాఫీ పళ్ళు ఏరుకోవాలి. పరీక్షలు ఏ పూట అని అడిగాను. రెండు రోజులు, రెండూ పొద్దున్న తొమ్మిదికే అంది మేడం.

రాత్రి తొమ్మిదికే పడుకుని పొద్దున్నే లేవడం అలవాటు చేసుకుందామని చూశాను. చెయ్యనిది లేదు. కళ్ళు మూసుకుని రూమ్మేట్ గురక లెక్కపెడుతూ పడుకునేదాన్ని. ఒంటిగంట అయ్యేది, రెండు అయ్యేది. నాలుగున్నరకి గంట కొట్టేవాడు. ముందు రాత్రి నిద్ర లేక మర్నాడు ఇంకా అధ్వాన్నంగా తయారయ్యేదాన్ని.

దసరా సెలవులకి ఇంటికి వెళ్ళాను. చోళ్ళు కంకి మీద ఉన్నాయి. తాత మంచె మీద ఉన్నాడు. పుస్తకాలు, లాంతరు పట్టుకుని నేనూ ఎక్కాను. కాసేపటికి అంతా చెప్పేశాను. ఫెయిలైన సంగతి, సీటు సంగతి, చూసి రాశావా అని అడిగిన సంగతి.

"పాటం రాదేటి నీకు?" అన్నాడు తాత.

"వస్తాది తాతా. పొద్దున్న రాదు."

ఆయన నవ్వలేదు. చుట్ట వెలిగించాడు. నేను తొమ్మిదింటికి పడుకున్నా నిద్ర రావడం లేదని చెప్పాను.

"నిద్దర్ని ఎనక్కి లాక్కూడదే గుంటా. అది రాదు. ముందుకి తొయ్యాల."

"ముందుకంటే?"

"ఇయ్యాల కోడి కూసినాక పడుకుంటావు కదా. రేపు ఆవుల్ని తోలినాక పడుకో. ఎల్లుండి పొద్దు నడినెత్తికి వచ్చినాక. ఆ మర్నాడు ఇంకాస్త ఆగు. అలగ తోసుకుంటూ పో. చుట్టు తిరిగి దీపాలేళకి వచ్చీసినాక అక్కడ ఆపీ. అక్కడ ఆపకపోతే మల్లీ నా మంచె మీదకే వచ్చీస్తావు."

"నీకెలా తెలుసు?"

"సేసినాను," అన్నాడు. డబ్బా పట్టుకుని మంచె దిగిపోయాడు.

మర్నాటి నుంచి మొదలుపెట్టాం. మొదటి రోజు సులువుగానే గడిచింది, తెల్లారాక పడుకోవడం నాకు పండగ. రెండో రోజు ఆవులు కొండెక్కేదాకా ఆగాను. మూడో రోజు మధ్యాహ్నం వరకు మెలకువగా ఉండాలి. తాత నన్ను ఒంటరిగా వదల్లేదు. రాత్రంతా కాపలా కాసి వచ్చి కూడా, పడుకోకుండా ఊరి మొదట్లో రాయి మీద నా పక్కన కూర్చున్నాడు. పాఠం చెప్పమన్నాడు. నాకు రెప్పలు వాలిపోతుంటే మొదటేడాది పాఠంతో మొదలుపెట్టాను. పనసకాయ కోస్తే మొదటి తొనకి ఉన్న తీపి రెండోదానికి కాస్త తగ్గుతుందని, పదో తొనకి అసలు ఉండదని, దాన్ని ఒక సూత్రంగా రాశారని చెప్పాను.

"ఎవులు రాసినారది?"

"పెద్ద చదువులు చదివినవాళ్ళు."

"ఆళ్ళు పనసకాయ తినలేదు. పదో తొన కూడా తీపే. సెయ్యి జిగురైపోయి ఆపుతాం గానీ."

దాని మీద ఇద్దరం గంటసేపు వాదించుకున్నాం. నాకు నిద్ర ఎగిరిపోయింది. సంతకి వెళ్ళేవాళ్ళు మమ్మల్ని చూసి, "తాతా మనవరాలూ పగలు కూడా కాపలా మొదలెట్టీసినారేటి" అని నవ్వుకుంటూ పోయారు. మామ్మకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. వేళాపాళా లేకుండా అన్నం అడుగుతున్నామని, ఇంట్లో ఎవరు ఎప్పుడు పడుకుంటారో తెలియక మాట్లాడటమే మానేశానని, మా ఇద్దరికీ వినపడేలా కోళ్ళతో చెప్పుకునేది.

నాలుగో రోజు పొద్దు వాలేదాకా ఆగాను. అయిదో రోజు ఆవులు ఇంటికొచ్చేదాకా. తాత కూడా నాతోపాటే కూర్చున్నాడు. నాకప్పుడు నా సీటు తప్ప ఇంకేదీ కనిపించలేదు. నేను పగలు ఎంత ఆలస్యంగా పడుకుంటే ఆయన నిద్ర అంత తరిగిపోతోందని, నేను సాయంత్రం పడుకునే వేళకి ఆయన మళ్ళీ డబ్బా పట్టుకుని బయలుదేరాలని నాకు తట్టనే లేదు. ఎంత స్వార్థమో.

ఆ అయిదో రోజు సాయంత్రం పడుకుని, నిద్ర సరిపోయి, ఊరింకా నిద్రలో ఉండగా లేచాను. తేలిగ్గా ఉంది. లాంతరు పట్టుకుని మంచె దగ్గరికి నడిచాను. తాత పలకలేదు. ఎక్కి చూస్తే కంబళిలో ముడుచుకుని నిద్రపోతున్నాడు. నా జన్మలో ఆయన్ని రాత్రిపూట నిద్రలో చూడటం అదే మొదలు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. డబ్బా చేతిలోనే ఉంది. నాకు ఒక్కసారిగా ఎంత సిగ్గు వేసిందో, ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. డబ్బా మెల్లగా తీసుకున్నాను. కాపలా కాసినవాళ్ళని లేపకూడదు. తెల్లారేదాకా చేను నేనే కాశాను. రెండుసార్లు ఏదో కదిలితే, మంచె మీద కొట్టకుండా, కిందకి దిగి దూరంగా వెళ్ళి అక్కడ కొట్టి వచ్చాను.

వెలుతురు వచ్చాక ఆయన ఉలిక్కిపడి లేచాడు. చేను వైపు చూశాడు, నా చేతిలో డబ్బా వైపు చూశాడు.

"మీ మామ్మకి సెప్పకు," అన్నాడు.

ఆరో రోజు దీపాలు పెట్టే వేళకి పడుకుని తెల్లవారుజామున లేచాను. అక్కడ ఆపేశాను. ఇంకో మూడు రోజులు అదే వేళ పట్టుకుని ఉండి, హాస్టల్‌కి వెళ్ళిపోయాను.

రాత్రి ఎనిమిదిన్నరకి నేను దుప్పటి కప్పుకుంటే నా రూమ్మేట్ సంతోషం చూడాలి. ఇద్దరం ఒకేసారి ఆవలించాం. పరీక్ష రోజు గంట కొట్టకముందే నేను మంచం మీద లేచి కూర్చుని జడ వేసుకుంటున్నాను. దాని కాలి బొటనవేలు పట్టుకుని లాగాను కూడా. ఆ ముచ్చట తీర్చుకోకుండా ఎలా ఉంటాను?

వరండాలోకి వచ్చిన వార్డెన్ మేడం నన్ను చూసి ఆగిపోయింది. దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. మెడ కింద పెట్టింది.

"ఏమ్మా, రాత్రి నిద్ర పట్టలేదా? ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉంది మేడం. లేచాను."

ఆవిడ నమ్మలేదు. రెండేళ్ళుగా ఆ వేళకి లేవని పిల్ల లేచి కూర్చుందంటే ఏదో ముంచుకొచ్చినట్టే. ఎనిమిదింటికి మలేరియా ఆయన్ని పిలిపించింది. పరీక్ష రాసే చెయ్యి వదిలెయ్యమని ఎడమ చెయ్యి చాపాను. మాత్రలు మాత్రం సాయంత్రం వేసుకుంటానని బతిమాలుకున్నాను. అవి మింగితే తల తిరుగుతుంది.

తొమ్మిదింటికి ప్రశ్నపత్రం ఇచ్చారు. చదివాను. పేర్లన్నీ నోటికి వచ్చాయి.

ఫస్ట్ క్లాసు మార్కులేమీ రాలేదు. నేను తిరిగి తిరిగి పొద్దున్నకి చేరాను గానీ, పొద్దున్న నా సొంత ఊరు కాదు. రెండు పేపర్లూ గట్టెక్కే మార్కుల కంటే కాస్త పైన వచ్చాయి. హాస్టల్ సీటు నిలబడింది. మార్కుల జాబితా చూసిన ఎకనామిక్స్ మాస్టారు ఆ తర్వాత నన్ను ఏ ప్రశ్న అడగాలన్నా మధ్యాహ్నం క్లాసులోనే అడిగేవారు. ఎవరు చెప్పారో తెలియదు. నా రూమ్మేట్ అయ్యుంటుంది, దాని నోట్లో మాట ఆగదు.

ఫలితాలు పట్టుకుని ఇంటికి వెళ్ళాను. చలి మొదలైంది, పంట ఇంటికి వచ్చేసింది. పొద్దున్న జీపు దిగి నడిచి వెళ్ళేసరికి తాత ఉతికిన చొక్కా వేసుకుని ఊరి మొదట్లో రాయి మీద ఉన్నాడు. పాసయ్యానని చెప్పాను. మార్కులు అడుగుతాడనుకున్నాను.

"నీ పేరు పిలిసినప్పుడు పలికినావా?" అన్నాడు.

పరీక్ష హాల్లో పేరు పిలవరు తాతా, హాల్ టికెట్ చూసి సంతకం పెట్టించుకుంటారు అని చెప్పబోయాను. ఆయన మొహం చూసి మానేశాను.

"పలికాను," అన్నాను.

ఆయన తల ఊపాడు. మా మాస్టారు ఊపినట్టు కాదు.

ఆ సాయంత్రం మామ్మ పొయ్యి దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. తాత ఎందుకు అలా అడిగాడని అడిగాను. ఆవిడ చెయ్యి ఆపకుండానే చెప్పింది.

మా నాన్న పసివాడుగా ఉన్నప్పుడు కొండభూములు ఎవరెవరివో రాసుకోవడానికి ఒక ఆఫీసరు ఊళ్ళోకి వచ్చాడట. కంకుల కాలం. పొద్దున్నే వచ్చాడు. ఊరి మొదట్లో ఆ రాయి మీద పుస్తకం పెట్టుకుని ఒక్కొక్క పేరూ పిలిచాడు. పలికినవాళ్ళకి రాశాడు. పలకనివాళ్ళకి రాయలేదు.

"మీ తాత పేరు ఓపాలి పిలిసినాడు," అంది మామ్మ. "ఈయన ఇంట్లో పడుకున్నాడు. ఊరందరి సేలూ కాసొచ్చి పడుకున్నాడు."

"ఎవరూ లేపలేదా?"

మామ్మ నావైపు వింతగా చూసింది.

"కాపలా కాసినోడిని ఎలగ లేపుతామే?"

ఊరంతా అక్కడే నిలబడి ఉందట. మామ్మ కూడా. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు గానీ ఎవరూ లోపలికి వెళ్ళలేదు. ఆయన మీద గౌరవంతోనే వెళ్ళలేదు. ఆ ఆఫీసరు తర్వాతి పేరు పిలిచాడు. పై వాలు తాతదేనని ఈనాటికీ ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. దాని జోలికి ఎవరూ పోలేదు. కాగితం మీద మాత్రం అది ఎవరిదీ కాదు.

ఆ ఏడు పంట కోశాక తాత నిద్రని తోసుకుంటూ తోసుకుంటూ పొద్దున్నకి వచ్చాడట. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. పంట ఇంటికి చేరడం ఆలస్యం, చుట్టు తిరిగి పొద్దున్నకి వచ్చేసి, చొక్కా తొడుక్కుని రాయి మీద కూర్చునేవాడు. మళ్ళీ ఎవరైనా వచ్చి పేరు పిలుస్తారేమోనని. ఎండ కోసం కాదు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. మామ్మ మీద, ఊరి మీద, ఆ మొహం తెలియని ఆఫీసరు మీద. ఎవరి మీదా నిలవలేదు. లేచి వెళ్ళి తాత పక్కన కూర్చున్నాను. ఆయన పనసతొనల మాట ఎత్తాడు. మీ మాస్టారికి సెప్పినావా అని అడిగాడు. చెప్పానన్నాను.

మూడో ఏడు పరీక్షలు మధ్యాహ్నం పడ్డాయి. తర్వాత విశాఖపట్నంలో పీజీ చేసి, రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి ఈ కొండల్లోనే ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పడానికి చేరాను. మా ఊరికి కబురు వెళ్ళేసరికి తాత ఉన్నాడు. రెండేళ్ళ తర్వాత పోయాడు, ఒక చలికాలం పొద్దున్న. ఆ తర్వాత మంచెకి ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకున్నారు, పక్క ఊళ్ళలో లాగే తిట్టుకుంటూ.

కాలేజీలో నాకెప్పుడూ మొదటి గంటే వేసేవారు. ఇది ఎవరి కుట్రో కనిపెట్టలేకపోయాను. రెండు గ్లాసుల టీ తాగి వెళ్ళేదాన్ని. చిన్న చిన్న పరీక్షలు ఒకసారి పొద్దున్న, ఒకసారి మధ్యాహ్నం పెట్టేదాన్ని. పొద్దున్న ముందుండే పిల్లలు వేరు, మధ్యాహ్నం ముందుండేవాళ్ళు వేరు. రెండు పూటలా ఒకేలా రాసేవాళ్ళూ ఉండేవారు, వాళ్ళ సంగతి నాకు అర్థం కాదు. వెనక బెంచీలో గోడకి ఆనుకున్న అమ్మాయో, అబ్బాయో కనిపిస్తే ముందు మలేరియా పరీక్షకి పంపేదాన్ని. ఏజెన్సీలో అది తప్పదు. రిపోర్టులో ఏమీ లేకపోతే అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, నిద్రని ముందుకి తొయ్యడం ఎలాగో చెప్పేదాన్ని.

నా హాజరు పట్టీ అంటే మాత్రం మా ప్రిన్సిపాల్‌కి విసుగు. పెన్సిల్ గుర్తులు, ఖాళీ గళ్ళు. ఇదేం రిజిస్టరమ్మా, పిలిచారా లేదా, వచ్చారా లేదా, తేల్చి పెట్టండి అనేవారు. సరే సార్ అనేదాన్ని. మర్నాడు క్లాసులో పేరు పిలిచి, పలక్కపోతే కాసేపు ఆగి మళ్ళీ పిలిచేదాన్ని. అప్పటికీ పలక్కపోతే పక్కన కూర్చునేవాళ్ళని వెళ్ళి లేపుకు రమ్మని హాస్టల్‌కి పంపేదాన్ని.